కొత్తగా కారు నడిపేవాళ్లకు: విశాఖ ఎత్తుల్లో, పల్లాల్లో బండి చేతిలో ఉండాలంటే

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. లెర్నర్స్ లైసెన్స్ వచ్చి మూడు వారాలైందని, డ్రైవింగ్ స్కూల్లో ఇరవై రోజుల క్లాసులు పూర్తయ్యాయని, నాన్నగారి పాత మాన్యువల్ కారు నడుపుతున్నారని రాశారు. చదునైన రోడ్డు మీద పర్వాలేదు గానీ మధురవాడ ఐటీ హిల్ మీదున్న ఆఫీసుకు వెళ్లేటప్పుడు ఎత్తులో ఆగితే బండి వెనక్కి జారుతోందని, లేకపోతే ఇంజన్ ఆగిపోతోందని, వెనకనుంచి హారన్లు మోగితే చేతులు వణుకుతున్నాయని, హైవే మీద లారీలంటే భయమని కూడా రాశారు. పక్కన మీ ఫ్రెండ్ కూర్చుంటోందన్నారు.

నేను ఈ ఊళ్లో, చుట్టుపక్కల 31 ఏళ్లు బస్సు నడిపాను. సిటీ రూట్లలో తిరిగాను, సింహాచలం ఘాట్ ఎక్కాను, చాలాకాలం అరకు రూటు కూడా చేశాను. రిటైరయ్యాక మా వీధి పిల్లలకు కారు నేర్పుతున్నాను. మీలాంటి ఇబ్బందితో వచ్చినవాళ్లు చాలామందే ఉన్నారు, కాబట్టి వివరంగానే రాస్తాను.

ముందుగా ఆ ఫ్రెండ్ సంగతి. ఆమెకు కారు లైసెన్స్ ఉందా? లెర్నర్స్ మీద నడిపేటప్పుడు పక్కన పక్కా లైసెన్స్ ఉన్న మనిషి ఉండాలి, అదీ అవసరమైతే బండిని ఆపగలిగేలా కూర్చోవాలి. బండికి ముందూ వెనకా తెల్ల బోర్డు మీద ఎర్ర ‘ఎల్’ అక్షరం ఉండాలి. ఇవి రెండూ లేకుండా ఆఫీసుకు వెళ్తున్నారంటే చట్టం దృష్టిలో లైసెన్స్ లేకుండా నడుపుతున్నట్టే. దానికి కేంద్ర చట్టం పెట్టిన జరిమానా 5,000 రూపాయలు. దానికంటే పెద్ద చిక్కు ఏమిటంటే, ఏదైనా జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు క్లెయిమ్‌కి అడ్డు చెప్పడానికి అదొక్కటి చాలు. లెర్నర్స్ ఆరు నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక టెస్టుకు వెళ్లొచ్చు. అందాకా ఆఫీసుకు బస్సులోనో క్యాబ్‌లోనో వెళ్లండి. కారు తీసేది నాన్నగారు పక్కనున్నప్పుడే.

డ్రైవింగ్ స్కూళ్ల గురించి ఒక మాట. మా మేనకోడలు నేర్చుకున్న చోట ఇన్‌స్ట్రక్టర్ తన వైపున్న క్లచ్, బ్రేకు తనే నొక్కేసేవాడు. ఇరవై రోజులూ ఈ పిల్ల స్టీరింగ్ మాత్రమే తిప్పింది. నడపడం వచ్చేసిందనుకుని సొంత బండి తీసేసరికి కాళ్లకు ఏమీ తెలియలేదు. మీకూ ఇలాగే జరిగి ఉంటుందని నా అనుమానం. అందుకే మీ కాళ్ల దగ్గర్నుంచే మొదలుపెడదాం.

ఆదివారం పొద్దున్నే కొమ్మాది వైపో, భీమిలి వైపో ఇళ్లు ఇంకా కట్టని లేఅవుట్లలోకి వెళ్లండి. మొదటి అరగంట యాక్సిలరేటర్ ముట్టుకోకండి. ఫస్ట్ గేర్ వేసి క్లచ్‌ని మెల్లగా, వేలెడంత వేలెడంతగా వదలండి. ఒకచోట ఇంజన్ చప్పుడు బరువెక్కుతుంది, బండి ముందుభాగం కాస్త లేచినట్టు అనిపిస్తుంది. క్లచ్ పట్టుకునే చోటు అదే. అక్కడ పాదాన్ని బిగపట్టి రెండు సెకన్లు ఆపితే బండి దానంతటదే కదులుతుంది. మళ్లీ క్లచ్ నొక్కి, బ్రేకు వేసి ఆపండి. ఇలా యాభైసార్లు చేయండి. మడమ నేలకు ఆనించి, పాదం ముందుభాగంతో నొక్కాలి. ప్రతి బండికీ ఆ చోటు వేరు. పాత కారులో క్లచ్ ప్లేటు అరిగి ఉంటే ఇంకా పైకొచ్చాక గానీ పట్టదు. మీ బండిది ఎక్కడో మీ కాలికి తెలిసిపోతే సగం భయం పోయినట్టే.

తర్వాతే ఎత్తు. ఎత్తులో ఆగాల్సి వస్తే హ్యాండ్ బ్రేక్ పూర్తిగా లాగి, కాలి బ్రేకు వదిలేయండి. బండి కదలకుండా నిలబడాలి. నిలబడకపోతే హ్యాండ్ బ్రేక్ కేబుల్ వదులైందన్నమాట, ముందు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. ఇప్పుడు క్లచ్ నొక్కి ఫస్ట్ గేర్ వేయండి. యాక్సిలరేటర్ కొద్దిగా ఇచ్చి ఇంజన్ చప్పుడు నిలకడగా పెరిగాక, క్లచ్‌ని ఇందాక చెప్పిన చోటు దాకా తీసుకురండి. బండి ముందుకు లాగుతున్నట్టు, హ్యాండ్ బ్రేక్ పట్టి ఆపుతున్నట్టు అనిపిస్తుంది. రెండు పాదాలనూ అక్కడే ఉంచి, అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించండి. బండి వెనక్కి పోదు. కదిలాక యాక్సిలరేటర్ ఇంకాస్త ఇస్తూ క్లచ్ పూర్తిగా వదలండి. కొత్తవాళ్లు చేసే తప్పు ఏమిటంటే, హ్యాండ్ బ్రేక్ దించగానే కంగారులో క్లచ్ ఒక్కసారి వదిలేస్తారు. ఇంజన్ ఆగిపోయేది ఆ ఒక్క క్షణంలోనే.

ఆగిపోతే ఏం చేయాలో కూడా ముందే అనుకుని ఉండండి. కాలి బ్రేకు నొక్కాలి, హ్యాండ్ బ్రేక్ లాగాలి, న్యూట్రల్ చేసి స్టార్ట్ చేయాలి, మొదటినుంచి మళ్లీ చేయాలి. దీనికి పది సెకన్లు పడుతుంది. వెనకవాళ్లు హారన్ కొడతారు, కొట్టనివ్వండి. ఈ ఒక్క విషయం మాత్రం గట్టిగా చెబుతాను అమ్మా: వెనకున్నవాడి తొందర మీ కాలిలోకి రాకూడదు. హారన్ విని క్లచ్ వదిలినవాళ్ల బళ్లే వెనక్కి జారుతాయి, ముందు బండికి గుద్దుకుంటాయి. మీ వల్ల ఆలస్యమైతే వాడికి అర నిమిషం పోతుంది, అంతే. అద్దం దించి చెయ్యి బయటపెట్టి ‘ఉండండి’ అని సైగ చేయండి. చాలామంది ఊరుకుంటారు, పక్కనుంచి వెళ్లిపోతారు.

మన ఊళ్లో ఎత్తు తప్పించుకోవడం కుదరదు. కేజీహెచ్ డౌన్, పాండురంగాపురం డౌన్, సిరిపురం నుంచి బీచ్ వైపు దిగే వీధులు, హనుమంతవాక నుంచి జూ పార్కు మీదుగా ఎండాడ, ఇటు యారాడ కొండ, ఇలా ఎటు వెళ్లినా ఏదో ఒక ఎత్తు ఉంటుంది. లైసెన్స్ టెస్టులో కూడా ఎత్తులో ఆపి, వెనక్కి జారకుండా ముందుకు తీసి చూపించాలి. కాబట్టి దీని మీద పెట్టిన టైము వృథా పోదు. మీ ఐటీ హిల్ మీద ఆదివారం పొద్దున ట్రాఫిక్ పలచగా ఉంటుంది. నాన్నగారితో వెళ్లి అక్కడే పదిసార్లు ఆపి, పదిసార్లు తీయండి.

ఎత్తులో ముందు బండికి దగ్గరగా ఆగకండి. చదును రోడ్డు మీదైతే ముందు బండి వెనక టైర్లు రోడ్డును తాకే చోటు మీ సీట్లోంచి కనిపించాలి. ఎత్తులో దానికి ఇంకో ఐదారు అడుగులు కలపండి, ఎందుకంటే ముందున్నవాడూ జారొచ్చు. లోడు లారీ అయితే ఇంకా ఎక్కువ వదలండి. సిగ్నల్ దగ్గర హాఫ్ క్లచ్ మీద, అంటే క్లచ్ సగమే వదిలి, బండిని ఊగిస్తూ నిలబెట్టేవాళ్లుంటారు. చూడటానికి చాకచక్యంగానే ఉంటుంది. క్లచ్ ప్లేటు మాడిన వాసన వచ్చాక అసలు ఖర్చు తెలుస్తుంది.

వాలులో పార్క్ చేసేటప్పుడు హ్యాండ్ బ్రేక్ ఒక్కదాన్నే నమ్మొద్దు. ఎత్తు వైపు మొహం పెట్టి ఆపితే ఫస్ట్ గేర్‌లో, పల్లం వైపు ఆపితే రివర్స్ గేర్‌లో వదలాలి. పల్లం వైపు ఆపినప్పుడు ముందు చక్రాలు ఫుట్‌పాత్ వైపు తిప్పండి. ఎత్తు వైపు ఆపి, పక్కన ఫుట్‌పాత్ గట్టు ఉంటే చక్రాలు రోడ్డు వైపు తిప్పండి. జారినా టైరు గట్టుకు ఆని ఆగుతుంది. గట్టు లేకపోతే చక్రాలు రోడ్డు అంచు వైపే ఉండాలి. టైరు కింద రాయి పెడితే వెళ్లేటప్పుడు తీసి పక్కన పడేయండి. రోడ్డు మీద వదిలేసిన రాళ్ల వల్ల రాత్రిపూట స్కూటర్ వాళ్లు పడటం నేను కళ్లారా చూశాను.

బండి ఎక్కగానే చేసే పనులు త్వరగా చెప్పేస్తాను. క్లచ్ పూర్తిగా నొక్కినా మోకాలు కాస్త వంగి ఉండేలా సీటు జరుపుకోండి. ఛాతీకి, స్టీరింగ్‌కి మధ్య కనీసం పది అంగుళాల దూరం ఉండాలి. సైడ్ అద్దాల్లో మీ బండి తలుపు సన్నటి అంచులా కనిపిస్తే చాలు, మిగతాదంతా రోడ్డే కనిపించాలి. సీట్ బెల్ట్ ముందు కూర్చున్నవాళ్లకే కాదు, వెనక కూర్చున్నవాళ్లకూ తప్పనిసరి. బెల్ట్ లేకుండా ఎయిర్ బ్యాగ్‌ని నమ్ముకుంటే అది కాపాడకపోగా గాయం చేయొచ్చు. ఇంకొకటి, నీళ్ల సీసా కాళ్ల దగ్గర పెట్టకండి. అది దొర్లి బ్రేకు కింద ఇరుక్కుంటే బ్రేకు పడదు. వదులుగా ఉన్న మ్యాటు, జారే చెప్పులు కూడా అంతే ప్రమాదం.

ఇక హైవే, లారీలు. మన హైవే ఊరి మధ్యలోంచి పోతుంది. గాజువాక, ఎన్‌ఏడీ, తాటిచెట్లపాలెం, మద్దిలపాలెం, హనుమంతవాక, మధురవాడ, ఇవన్నీ జనం దాటే చోట్లే. పోర్టు బళ్లు, స్టీల్ కాయిల్స్ వేసుకొచ్చే ట్రెయిలర్లు, సిటీ బస్సులు, షేర్ ఆటోలు, బైకులు అన్నీ ఒకే రోడ్డు మీద ఉంటాయి. పేరుకు హైవే అయినా దీన్ని ఊరి రోడ్డులాగే చూడాలి.

లారీ అంటే భయపడాల్సిన పని లేదు, దాని సీట్లోంచి ఏం కనిపిస్తుందో తెలుసుకుంటే చాలు. బస్సు సీటు ఎత్తులో ఉంటుంది కాబట్టి మాకు దూరం బాగా కనిపించేది. కానీ ముందు బంపర్ కింద, ఎడమ పక్క తలుపు పొడవునా ఉన్న చిన్న కారు కనిపించేది కాదు. బండి వెనకాల దగ్గరగా వచ్చేవాడైతే అసలే కనపడడు. పొడవాటి ట్రెయిలర్‌కి ఈ కనపడని మేర ఇంకా పెద్దది. అందుకని ఒక గుర్తు పెట్టుకోండి: లారీ సైడ్ అద్దంలో డ్రైవర్ మొహం మీకు కనిపించకపోతే, మీరూ ఆయనకు కనిపించట్లేదు. అలాంటి చోట ఉండకండి. దాటితే చకచకా దాటేయండి, లేదంటే బాగా వెనకే ఉండండి. పక్కపక్కనే సాగొద్దు. ఎడమకు తిరగబోయే ట్రెయిలర్ ముందు కుడికి జరుగుతుంది. ఎడమవైపు ఖాళీ వచ్చింది కదా అని కొత్తవాళ్లు దూరిపోతారు. వెనక చక్రాలు వచ్చేది సరిగ్గా ఆ ఖాళీలోకే. గాజువాక, షీలానగర్ వైపు వెళ్లినప్పుడు ఇది మరీ గుర్తుంచుకోండి.

దూరం లెక్క ఒకటి చెబుతాను, ఇది ఊరికే బట్టీ పట్టేది కాదు. గంటకు 36 కిలోమీటర్ల స్పీడులో బండి సెకనుకు 10 మీటర్లు పోతుంది. 72లో అయితే సెకనుకు 20 మీటర్లు. ఎదుట ఏదో కనిపించి కాలు బ్రేకు మీదకు వెళ్లేసరికి ఒక సెకను అయిపోతుంది. ఆ తర్వాత బ్రేకు పని మొదలవుతుంది. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉంటే 36లో మొత్తం సుమారు 18 మీటర్లలో ఆగుతారు. 72లో 50 మీటర్లు దాటిపోతుంది. స్పీడు రెండింతలైతే బ్రేకు పట్టాక పోయే దూరం నాలుగింతలవుతుంది. కొత్తవాళ్ల చేతికి ఈ తేడా తెలియదు, స్పీడోమీటర్ చూస్తే రెండింతలే కదా అనిపిస్తుంది.

అందుకే ముందు బండి ఏదైనా కరెంటు స్తంభాన్నో, బోర్డునో దాటగానే మనసులో ‘ఒక సెకను, రెండు సెకన్లు’ అని నిదానంగా లెక్కపెట్టండి. అది పూర్తికాకముందే మీరు ఆ స్తంభం దగ్గరికి వచ్చేస్తే దగ్గరగా నడుపుతున్నట్టు. వానలో నాలుగు సెకన్లు లెక్కపెట్టాలి. మధ్యలో ఎవరో ఒకరు దూరతారు, దూరనివ్వండి. మళ్లీ కాస్త వెనక్కి తగ్గండి. ఇలా పదిమంది దూరినా ఎండాడ నుంచి మద్దిలపాలెం చేరేసరికి మీకు ఆలస్యమయ్యేది ఒక నిమిషం కూడా ఉండదు.

నేనే ఈ తప్పు చేశాను. రిటైరైన ఏడాది కారు కొన్నాను. జూన్‌లో మొదటి వాన, సాగర్ నగర్ దగ్గర బీచ్ రోడ్డు మీద వస్తున్నాను. ముందు ఆటో ఉంది. వానకు తడిసిన రోడ్డే కదా, ఎన్నో ఏళ్లుగా నడుపుతున్నాను కదా అనుకుని దూరం వదల్లేదు. ఆటో సడన్‌గా ఆగింది. బ్రేకు కొడితే టైర్లు పట్టలేదు, బండి సబ్బు మీద జారినట్టు జారి ఆటో వెనక తగిలింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ, లోపల కూర్చున్న చిన్నపాప భయపడి ఏడ్చిన ఏడుపు నేను మర్చిపోలేదు. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న ఆయిలు, దుమ్ము మొదటి చినుకులకు జిగటగా పైకి తేలతాయి. మన బీచ్ రోడ్డు మీద గాలికి కొట్టుకొచ్చిన ఇసుక కూడా కలుస్తుంది. రోడ్డు ఎక్కువగా జారేది జోరు వానలో కన్నా ఆ మొదటి అరగంటలోనే. ఇసుక పొర మలుపుల్లో ఎండాకాలంలోనూ ఉంటుంది, అక్కడ మలుపు మధ్యలో బ్రేకు వేయకుండా ముందే స్లో చేయండి.

సముద్రం పక్కన ఉండేవాళ్లకు ఇంకో సంగతి. ఉప్పుగాలికి, తేమకు ఒక రాత్రి ఆగిన బండికే బ్రేకు డిస్కుల మీద సన్నగా తుప్పు పడుతుంది. పొద్దున మొదటిసారి బ్రేకు వేస్తే గరగరమంటుంది. బండి తీయగానే ఖాళీ రోడ్డు మీద నాలుగైదుసార్లు మెత్తగా బ్రేకు వేస్తే పోతుంది. వానాకాలంలో రోజుల తరబడి హ్యాండ్ బ్రేక్ లాగి ఉంచితే పట్టేసుకునే అవకాశమూ ఉంది. ఇంట్లో చదునైన చోట ఆపినప్పుడు గేరులో వదిలి, టైరుకు చెక్కముక్క అడ్డం పెట్టండి.

నీళ్లు నిలిచిన చోట, ముఖ్యంగా చావులమదుం లాంటి రైల్వే అండర్‌బ్రిడ్జిల దగ్గర, ముందు బండి వెళ్లింది కదా అని వెళ్లొద్దు. లోతు తెలియకపోతే వెనక్కి తిరగండి. పొరపాటున నీళ్లలో ఇంజన్ ఆగిపోతే మళ్లీ స్టార్ట్ చేయకండి. ఇంజన్‌లోకి నీళ్లు పోయి ఉంటే ఆ ఒక్క తాళం తిప్పుడుతో కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. తోయించి బయటకు తీసి మెకానిక్‌ని పిలవండి. తుఫాను హెచ్చరిక ఉంటే బండి బయటకు తీయకపోవడమే మంచిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చిన రోజు పడిపోయిన చెట్లతో ఊళ్లో రోడ్లు ఎలా మూసుకుపోయాయో అప్పుడున్నవాళ్లకు తెలుసు.

జంక్షన్ల దగ్గర మీకు టెన్షన్ ఎక్కువని రాశారు. సిగ్నల్ ఎర్రగా ఉంటే స్టాప్ లైను వెనకే ఆగాలి, జీబ్రా గీతల మీద కాదు. ఫ్రీ లెఫ్ట్ ఉన్న చోట నేరుగా వెళ్లేవాళ్లు ఎడమ లైన్లో నిలబడకూడదు. ఫ్రీ లెఫ్ట్ బోర్డు లేకపోతే ఎడమకు తిరగడానికీ పచ్చలైటు రావాలి. రౌండు తిరిగే జంక్షన్లో ఇప్పటికే లోపల తిరుగుతున్న బండికి దారివ్వాలి. సిగ్నల్ లేని కూడలిలో కుడివైపు నుంచి వచ్చేవాళ్లకు దారివ్వాలి. అవతలివాళ్లు ఈ రూలు పాటిస్తారని మాత్రం నమ్మకం పెట్టుకోకండి. రూలు మీకు తెలిసుండాలి, అవతలివాడికి తెలియదనుకుని నడపాలి. ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ కొత్తవాళ్లను కంగారు పెడుతుంది. ఎక్కకముందే బోర్డు చదివి మీ లైన్లోకి వచ్చేయండి. దారి తప్పితే ముందుకే వెళ్లి తిరిగి రండి. ఫ్లైఓవర్ మీద ఆగడం, రివర్స్ చేయడం ఎంత తొందరున్నా వద్దు.

నేరుగా వెళ్తున్నామని చెప్పడానికి నాలుగు ఇండికేటర్లూ వేసే అలవాటు మన దగ్గర బాగా పాకింది. అది తప్పు. పక్కనుంచి వచ్చేవాడికి ఒక వైపు లైటే కనిపిస్తుంది, మీరు అటు తిరుగుతున్నారనుకుంటాడు. ఆ నాలుగు లైట్లు బండి ఆగిపోయినప్పుడు వేసేవి. మామూలు ఇండికేటర్‌ని తిరిగే చోటుకు 30 మీటర్ల ముందే వేయండి, అద్దం చూడండి, ఎడమకు తిరిగేముందు ఒకసారి ఎడమ భుజం మీదుగా కూడా చూడండి. బైకులు అటునుంచే దూరతాయి.

ఆగి ఉన్న బస్సును దాటేటప్పుడు కాలు బ్రేకు మీద ఉంచండి. దిగిన ప్రయాణికులు బస్సు ముందునుంచి రోడ్డు దాటుతారు. వాళ్లకు మీరు కనిపించరు, మీకు వాళ్లు కనిపించరు. డ్రైవర్ సీట్లోంచి వాళ్లు అడుగు పెట్టడం చూసి, అద్దంలో వెనకనుంచి కారు దూసుకురావడం చూసి, నేను ఎన్నిసార్లు చెయ్యి బయటపెట్టి ఆపానో లెక్కలేదు. షేర్ ఆటో అయితే చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుందనుకునే నడపాలి. ఎంవీపీ కాలనీలోనూ, బీచ్ రోడ్డు మీదా ఆవులు అడ్డంగా నిలబడతాయి. హారన్ కొడితే అవి ఏ వైపుకైనా తిరుగుతాయి. స్లో చేసి వాటి వెనకనుంచి వెళ్లండి. బండి ఆపి తలుపు తీసేటప్పుడు ఎడమచేత్తో తీయండి. అప్పుడు ఒళ్లు దానంతటదే వెనక్కి తిరిగి, వచ్చే బైకు కనిపిస్తుంది.

ఘాట్ గురించి మీరు అడగలేదు గానీ లైసెన్స్ రాగానే ఫ్రెండ్స్ అందరూ అరకు అంటారు. కనీసం ఐదారు నెలలు వద్దనే చెబుతాను. ముందు కైలాసగిరి, తర్వాత సింహాచలం, ఆ తర్వాతే శృంగవరపుకోట దాటి అనంతగిరి. ఎక్కేటప్పుడు ఏ గేరు పడిందో దిగేటప్పుడూ అదే గేరు, చాలాచోట్ల సెకండ్. దిగేటప్పుడు బ్రేకు మీద కాలు ఆనించి ఉంచితే ప్యాడ్లు వేడెక్కి మాడిన వాసన వస్తుంది, ఆ తర్వాత పెడల్ మెత్తబడి లోపలికి దిగిపోతుంది. పల్లంలో పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ వేసేవాళ్లున్నారు. ఇప్పటి ఇంజెక్షన్ ఇంజన్లు గేరులో యాక్సిలరేటర్ వదిలేస్తే పెట్రోలు ఆపేస్తాయి. న్యూట్రల్‌లోనే ఇంజన్ తిరగడానికి కాస్త ఖర్చవుతుంది. అంటే మిగిలేదేమీ లేదు, ఇంజన్ ఇచ్చే పట్టు మాత్రం పోతుంది. తాళం ఆపేస్తే స్టీరింగ్, బ్రేకు రెండూ బిగుసుకుపోతాయి. ఇరుకు చోట ఎక్కే బండికి దిగే బండి దారివ్వాలి. మలుపు ముందు హారన్, రాత్రయితే డిప్పర్ (హెడ్‌లైట్లను హై, లో మార్చి మార్చి వెలిగించడం) వాడాలి. గీత దాటి అవతలివైపుకు పోకూడదు. చలికాలం పొద్దున్నే పొగమంచులో హై బీమ్ వేస్తే ఎదుట తెల్లటి గోడ కనిపిస్తుంది, లో బీమ్ వాడండి. ఆషాఢంలో గిరి ప్రదక్షిణ రోజు సింహాచలం చుట్టూ 32 కిలోమీటర్లు జనమే ఉంటారు, ఆ రోజు అటు కారు తీసుకెళ్లకండి.

రాత్రి ఎదుటివాడి హై బీమ్ కళ్లలో కొడితే, మీరూ వేసి కసి తీర్చుకోకండి. చూపును రోడ్డు ఎడమ అంచు గీత మీద పెట్టి స్పీడు తగ్గించండి. ఫోన్ విషయంలో నాకు రాజీ లేదు. డ్రైవ్ చేస్తూ చేత్తో పట్టుకోవడం నేరం, స్పీకర్‌లో మాట్లాడినా మనసు రోడ్డు మీద ఉండదు. ఆఫీసు నుంచి కాల్ వస్తే ఎడమవైపు సురక్షితంగా ఆపి మాట్లాడండి. మందు సంగతి మీకు చెప్పక్కర్లేదు, కానీ మీరు ఎక్కే బండి నడిపేవాళ్లు తాగి ఉంటే దిగిపోండి. చట్టం ఒప్పుకునే హద్దు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, ఆ లెక్క ఎవరూ కంటిచూపుతో వేయలేరు. మీ తమ్ముడికి ఇంకా పద్దెనిమిది నిండలేదని రాశారు, సరదాకి కూడా తాళాలు ఇవ్వకండి. మైనర్ బండి నడిపితే, ప్రమాదం జరగకపోయినా, బండి యజమానికి, అంటే నాన్నగారికి, 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి పాతికేళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు.

మీది పాత కారు కాబట్టి టైర్లు చూసుకోండి. గాట్ల లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గితే టైరు మార్చాల్సిందే. గాట్ల మధ్యలో చిన్న గట్టులాంటి గుర్తులుంటాయి, టైరు ఆ గుర్తుల దాకా అరిగితే అదే హద్దు. గాలి రెండు వారాలకోసారి, బండి తిరగకముందు చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. ఎంత కొట్టించాలో డ్రైవర్ తలుపు అంచు మీదున్న స్టిక్కర్‌లో ఉంటుంది. స్టెప్నీలోనూ గాలి చూడండి, అది అవసరమైన రోజే గాలి లేదని తెలుస్తుంది చాలామందికి. ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్ డిజిలాకర్‌లో ఉంటే చెల్లుతాయి.

ఎప్పుడైనా చిన్నదో పెద్దదో జరిగితే ఇంజన్ ఆపి, నాలుగు ఇండికేటర్లు వేసి, ముందు మనుషుల్ని చూడండి. అంబులెన్స్‌కు 108, పోలీసులకు 112, హైవే మీద 1033. వేరేవాళ్ల ప్రమాదం కనిపించినా ఆగి సాయం చేయడానికి భయపడొద్దు. సాయం చేసినవాళ్లను కేసుల్లోకి లాగకుండా చట్టంలోనే రక్షణ ఉంది. పేరు చెప్పమని కూడా బలవంతపెట్టకూడదు.

మొదటి వారం కొమ్మాది లేఅవుట్‌లో క్లచ్ మాత్రమే. రెండో వారం మీ హిల్ మీద ఆదివారం పొద్దున ఎత్తు. మూడో వారం మధ్యాహ్నం పూట సర్వీస్ రోడ్డు, తర్వాత మధురవాడ నుంచి ఎండాడ దాకా హైవే. ఆ తర్వాతే టెస్టుకు స్లాట్ బుక్ చేయండి. మొదటి ఆదివారం ఎలా జరిగిందో రాయండి. బండి పెట్రోలా డీజిలా, ఏ ఏడాదిదో కూడా చెబితే ఎత్తులో యాక్సిలరేటర్ ఎంత ఇవ్వాలో ఇంకాస్త వివరంగా చెబుతాను. డీజిల్ అయితే మీరు అనుకుంటున్నదాని కన్నా తక్కువే సరిపోతుంది.